రెండు నుంచి ఆరు దాకా

నేను ఆ ఫ్యాక్టరీకి వెళ్ళింది కళ్ళద్దాలు ఇచ్చి రావడానికి. అంతకు మించిన గొప్ప ఉద్దేశం ఏదీ ఆ ఉదయం నాకు లేదు. కూర సగంలో దించి, పొయ్యి కట్టేసి, పావుగంటలో వచ్చేస్తాను కదా అని చెప్పులేసుకుని బయల్దేరాను.

కళ్ళద్దాలు మా ఆడపడుచువి. మా ఆయన చెల్లెలు, మా ఇంట్లోనే ఉంటుంది. ఓట్స్ డ్రింకు ప్యాకెట్లు చేసే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళుగా ప్యాకింగు లైను మీద పనిచేస్తోంది. మతిమరుపు మనిషి కాదు. ఆ రోజు ఎందుకో పొద్దున్నే రమ్మని ఫోనొస్తే, హడావిడిలో అద్దాలు అలమరలో వదిలేసి పరిగెత్తింది.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్నెరుగును. "లోపల ఏదో గొడవమ్మా" అని గొంతు తగ్గించి, "ఆ కిటికీ పక్కన నిలబడండి, పిలుస్తా" అన్నాడు.

కిటికీ అద్దంలోంచి చూశాను. లైను ఆగిపోయి ఉంది. అరవైమంది ఆడవాళ్ళు తెల్ల టోపీలు పెట్టుకుని గోడకి ఆనుకుని వరసగా నిలబడ్డారు. అందరూ నేల చూస్తున్నారు. మధ్యలో మా ఆడపడుచు. రెండు చేతులతో ఒక ఖాళీ ప్యాకెట్టు గుండెల దగ్గర పట్టుకుని, లెక్క తప్పు చేసిన పిల్లని టీచరు పలకతో నిలబెట్టినట్టు నిలబడి ఉంది. ఎదురుగా మేనేజరు సెల్‌ఫోనుతో ఫోటో తీస్తున్నాడు.

"ఇంకొంచెం పైకి పట్టుకో. ముఖం కూడా పడాలి."

ఆమె ఇంకొంచెం పైకి పట్టుకుంది.

"కిందకి చూడకు. ఇటు చూడు."

ఆమె ఇటు చూసింది. నలభై దాటిన మనిషి. నా పెళ్ళి రోజున, భయపడకు వదినా అని నా చెయ్యి పట్టుకుని ఈ ఇంట్లోకి తీసుకొచ్చిన మనిషి.

నేను ఆగలేకపోయాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"ఎవరావిడ?" అన్నాడు మేనేజరు.

"మా వదినండీ" అంది మా ఆడపడుచు, ప్యాకెట్టు దించకుండానే.

"ఏం పని?"

నేనేం తెలివైనదాన్నో చూడండి. కాలేజీలో రసాయనశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నాను. "కళ్ళద్దాలు మర్చిపోయిందండీ" అన్నాను. అక్కడితో ఆగొచ్చుగా? ఆగలేదు. "అవి లేకపోతే చిన్న అక్షరాలు కనపడవు దానికి" అని ప్రేమగా, వివరంగా చెప్పాను.

మేనేజరు ముఖం వికసించింది. పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, "విన్నావుగా? రాసుకో. సొంత వదినే చెప్పింది" అన్నాడు.

అద్దాలు నా చేతిలోనే ఉన్నాయి.

*

జరిగింది ఇదీ. ఐదు రోజుల కిందట తయారైన ప్యాకెట్టు ఒకటి ఆరేళ్ళ పిల్ల తాగింది. ఆ పిల్ల ఒంటికి పాలు పడవు. చుక్క పడితే గొంతు వాచి ఊపిరాడదు. ప్యాకెట్టు వెనక 'పాలు లేవు' అని అచ్చువేసి ఉంది. లోపల మాత్రం పాలపొడి ఉంది. పిల్ల ఇప్పుడు ఆసుపత్రిలో, ముక్కుకి గొట్టంతో ఉంది.

ప్యాకెట్టు నెత్తిన తారీఖుతో పాటు గంటా నిమిషమూ అచ్చుపడతాయి. ఆ ప్యాకెట్టు మీద రెండు గంటల పదకొండు నిమిషాలు అని ఉంది. ఆ పదకొండో నిమిషాన యంత్రంలో పెట్టి ఉన్న ఉద్యోగి కార్డు మా ఆడపడుచుది.

ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చి పంపించారు. మూడో రోజు పొద్దున పదింటికల్లా సంతకం పెట్టి తేవాలి. ఇంటికొచ్చాక నేను పైకి చదివాను. "మధ్యాహ్నం రెండింటికి సరుకు మారిన సంగతి నాకు తెలియజేసినప్పటికీ, నా అజాగ్రత్త వలననూ, నా కంటిచూపు లోపం వలననూ, పాత అట్టతో కొన్ని ప్యాకెట్లు వెళ్ళిపోయినవి. ఇందుకు పూర్తి బాధ్యత నాదే."

'కంటిచూపు లోపం' అన్న ముక్క నేనిచ్చిన కానుక. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"సంతకం పెడితే?" అన్నాను.

"పనిలోంచి తీసేస్తారు. పెట్టకపోతే పోలీసులకి ఇస్తారట."

మా ఆయనకి భయమేస్తే ఇంట్లో కిటికీలన్నీ మూసేస్తాడు. అన్నీ మూశాడు. వంటింటి కిటికీ గొళ్ళెం విరిగి ఏడాదైంది, దానికి కుర్చీ అడ్డం పెట్టాడు. "పెట్టేయ్ తల్లీ" అన్నాడు చెల్లెలితో. "ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు. స్టేషన్‌లో పడితే ఎవరు తీస్తారు? నన్ను చూశావుగా, నేను కానిస్టేబుల్ని చూస్తే టికెట్ కొన్నానా లేదా అని జేబు తడుముకునే రకం."

"తప్పు నాదేనేమో అన్నయ్యా" అంది ఆమె.

నాకు ఒళ్ళు మండింది. "నీదో కాదో తర్వాత. ముందు ఆ పని ఎలా చేస్తారో చెప్పు. నాకు యంత్రం తెలీదు, తెలియనిదానికి చెప్పినట్టు చెప్పు."

చెప్పింది. అట్ట పెద్ద రోలుగా వస్తుంది. యంత్రమే దాన్ని లాగి, కత్తిరించి, మడిచి, డ్రింకు నింపి, అతికించి, నెత్తిన గంటా నిమిషమూ అచ్చుకొట్టి వదులుతుంది. గంటకి ఆరు వేల ప్యాకెట్లు. అక్కడ మనిషికి మిగిలింది ఒకే కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తన కార్డు యంత్రంలో పెట్టాలి. కొన్ని నిమిషాలకోసారి తెర మీద ప్యాకెట్టు బొమ్మ వస్తుంది, కింద ఓకే అని ఉంటుంది, నొక్కాలి. నొక్కకపోతే కూతపెట్టి లైను ఆగుతుంది. ఎక్కువసేపు చూస్తే కళ్ళు లాగేస్తాయి కాబట్టి అరగంటకి ఒకరు మారతారు. రెండు నుంచి రెండున్నర ఈమెది.

"ఆ తెర మీద వెనకవైపు కనపడుతుందా?"

"లేదు వదినా. ముందువైపే. వెనక అక్షరాలు చూడ్డానికి వేరే కెమెరా ఉంది."

"అదేం చేస్తోంది మరి?"

"దాన్ని ఆ పూట ఆపేశారు" అంది. "పాలు ఉన్నాయి అని రాసిన కొత్త అట్ట గుర్తు దానికి ముందే నేర్పించారు. రెండింటికి పాలపొడి కలిపిన సరుకు మొదలైంది కానీ అట్ట మారలేదు. పాత రోలే తిరుగుతోంది. అది ఒప్పుకోలేదు. లైను ఆపింది. మళ్ళీ ఆపింది. సూపర్‌వైజరొచ్చి, ఇదొకటి ప్రాణానికి, దాని తీగ పీకెయ్యండ్రా అన్నాడు. ఉన్న పాత రోళ్ళు అవ్వగొట్టేద్దాం, కొత్తవి రేపు ఎక్కిద్దాం, మీరు ఓకే నొక్కుతూ ఉండండి అన్నాడు."

అంటే ఆ ఫ్యాక్టరీ మొత్తంలో ఆ పూట కాదు అన్నది ఆ కెమెరా ఒక్కటే. దాని నోరూ మూయించారు.

"నువ్వు కుర్చీ దిగాక రోలు మార్చారా?"

"లేదు. ఇంకో మూడు రోళ్ళు ఎక్కించారు. అన్నీ పాతవే. ఆరింటిదాకా."

నేను కాగితం మళ్ళీ తీశాను. 'కొన్ని ప్యాకెట్లు.' గంటకి ఆరు వేలు. నాలుగు గంటలు. లెక్క నోటితో చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

"అవన్నీ ఎక్కడున్నాయి?"

"దుకాణాల్లో."

అప్పుడే తలుపు చప్పుడైంది. మా ఆయన కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ చప్పుడైంది. నేనే వెళ్ళి తీశాను.

మెడలో టేపు వేలాడుతున్న ఒక మనిషి. చేతిలో సంచీ. కళ్ళు రెండు రోజులుగా మూతపడనట్టున్నాయి. "ఇక్కడేనా ఆవిడుండేది? ఆ కుర్చీలో కూర్చునే ఆవిడ?"

పిల్ల తల్లి. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. అడ్రసు ఆమెకి ఎవరిచ్చారంటారా? మేనేజరే ఇచ్చాడట. వెళ్ళి అడగండి, ఆవిడే చేసింది అన్నాడట. పేదవాళ్ళ మీదకి పేదవాళ్ళని ఉసిగొల్పడం ఎంత చవకైన పనో ఆ రోజు చూశాను. ఆటోఖర్చు కూడా ఆవిడదే.

సంచీలోంచి ఐదు ప్యాకెట్లు తీసి మా బల్ల మీద వరసగా పెట్టింది. ఆరు ప్యాకెట్ల పెట్టె కొన్నదట. "నేను చదవకుండా ఏదీ కొనను" అంది. గొంతు పెంచలేదు. పెంచితే ఇంత భయం వేసేది కాదు. "మా వీధిలో అందరికీ నేనే చదివి పెడతాను. పిల్ల గొంతు బిగుసుకుపోతుంటే ఈ అట్ట పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. ఏం తాగింది అన్నారు. ఇది తాగింది, ఇందులో పాలు లేవండీ అని చూపించాను. నా మాట నమ్మి వాళ్ళు వేరే కారణం వెతికారు. ఎంతసేపో తెలుసా? నా కళ్ళ ముందే వెతికారు."

"నువ్వేనా?" అంది మా ఆడపడుచుతో.

"నేనే అక్కా. రెండు నుంచి రెండున్నర నేనే. తర్వాత ఆరింటిదాకా ఇంకా ఏడుగురు. అంతా పాత అట్టే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది అన్నట్టు మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. దర్జీ ఆవిడ మాత్రం కళ్ళు పెద్దవి చేసింది.

"అంటే ఇవి ఇంకా ఉన్నాయా బయట?"

"ఉన్నాయి."

"ఉన్నాయని తెలిసీ ఇక్కడ తలుపులేసుకుని కూర్చున్నారా?"

*

మర్నాడు పొద్దున్నే మా డాబా మీద ఎనిమిదిమంది చేరారు. పేర్లు నాకు గుర్తుండవు. ఎవరు ఏ అరగంటకి కూర్చున్నారో దాన్నిబట్టి నా మనసులో నేను పేర్లు పెట్టుకున్నాను. మా ఆడపడుచు 'రెండు'. ఆఖరున కూర్చున్న పెద్దావిడ 'ఐదున్నర'. ఆవిణ్ణి అందరూ పెద్దక్క అంటారు. అందరికన్నా చిన్నది, చలాకీది, ఇద్దరు పిల్లల తల్లి 'నాలుగున్నర'. దర్జీ ఆవిడ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి ఓ మూల గోడకి ఆనుకుని కూర్చుంది.

ఆవిడే మొదలుపెట్టింది. "కంపెనీ ఆఫీసులో అడిగాను. నలభై ప్యాకెట్లే తప్పు పడ్డాయి, వెనక్కి తీసుకున్నాం అన్నారు. మీరు ఇరవై నాలుగు వేలు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి నేను?"

"మాదే" అంది 'మూడు'.

"చూపించండి. దుకాణాల్లో వెతికి తెండి. నెత్తిన గంట ఉంటుందిగా. మూడింటిదీ నాలుగింటిదీ ఐదింటిదీ దొరికితే, ఒక్క మనిషి కళ్ళు కనపడక చేసిందని ఎవడంటాడు?"

అందరి ముఖాలూ ఒక్కసారి మారిపోయాయి. నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. వాళ్ళకి ముందే అర్థమైంది. మూడు గంటల ఇరవై నిమిషాల ప్యాకెట్టు దొరికిందంటే, మూడు గంటల ఇరవై నిమిషాలకి ఎవరి కార్డుందో యంత్రం చెబుతుంది. మా ఆడపడుచు మెడకి వేసిన ఉచ్చు సడలాలంటే మిగిలిన ఏడుగురూ తలో మెడా అందులో పెట్టాలి. వాళ్ళ పేరు వాళ్ళే దుకాణానికెళ్ళి వెతికి తేవాలి.

"నేను తేను" అంది 'నాలుగున్నర', లేచి నిలబడి. "ఏమైనా అనుకోండి. మా ఆయన నడుం విరిగి మంచంలో ఉన్నాడు. నన్ను తీసుకెళితే ఇద్దరు పిల్లలకీ అన్నం పెట్టేదెవరు? ఈవిడ పెడుతుందా?" అని నన్ను చూపించింది.

"పెడతాను" అన్నాను.

"ఎన్నాళ్ళు?"

ఆ లెక్క నా పట్టాలో లేదు.

"ఒక్కరు పోతే పోయేదానికి ఎనిమిదిమంది ఎందుకు పోవాలి?" అంది. అని మా ఆడపడుచు వైపు చూసి ఏడ్చేసింది. "నీ మీద కోపం లేదక్కా. నాకు భయం."

"భయం నీ ఒక్కదాని సొత్తా?" అంది 'మూడున్నర' వెటకారంగా. "నాకు రాత్రి నుంచి విరేచనాలు. చెప్పుకుంటున్నానా?"

నవ్వాలో లేదో తెలియక కొందరు నవ్వారు.

"రేపో ఎల్లుండో ఆ సూపర్‌వైజరు ఇంకో తప్పు చేస్తాడు" అంది 'నాలుగు'. "అప్పుడు నా కార్డు ఉంటుంది. అప్పుడు మీరంతా డాబా మీద కూర్చుని నా గురించి ఇలాగే మాట్లాడుకుంటారు."

"అది కాదే, తప్పు మనకీ తెలుసుగా! పాత అట్ట అని తెలిసే నొక్కాం!" అంది 'ఐదు'.

దానికి అందరూ ఒకేసారి అరిచారు. తెలుసు అని కొందరు, పాలపొడి కలిపారని మాకేం తెలుసు అని కొందరు, తెలిస్తే మాత్రం ఏం చేసేదానివి అని కొందరు. కింద నుంచి మా ఆయన మెట్లెక్కి వచ్చి, "మెల్లిగా, మెల్లిగా" అని చేత్తో సైగచేసి మళ్ళీ దిగిపోయాడు.

పెద్దక్క అప్పటిదాకా నోరు విప్పలేదు. వేళ్ళ చివర్లు అరిగి నున్నగా ఉంటాయి ఆవిడవి. "నేను చేరినప్పుడు యంత్రం లేదు" అంది. "బల్లల ముందు కూర్చుని, కుంచెతో జిగురు రాసి, చేత్తో అతికించేవాళ్ళం. రెండు వందలమందిమి. అతికించే ముందు చదివేవాళ్ళం. తప్పుంటే పక్కన పడేసేవాళ్ళం. అడిగినవాడు లేడు. యంత్రం వచ్చింది. రెండు వందలమందినీ పంపించేశారు. చదవడం మన దగ్గర్నుంచి తీసేసుకున్నారు. కార్డు మాత్రం మన మెడలో ఉంచారు. ఎందుకుంచారు? ఓకే నొక్కడానికి కోతి చాలు. పోలీసులకి ఇవ్వడానికి కోతి పనికిరాదు, మనిషి కావాలి. అందుకుంచారు మనల్ని."

"నా అరగంట ప్యాకెట్టు నేను వెతుక్కుంటా" అంది పెద్దక్క, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ.

ఒక్కొక్కరే లేచారు. 'నాలుగున్నర' కూడా లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. ఆపడానికి మాకేం అర్హతుందని?

*

ఆ పగలంతా దుకాణాలు తిరిగాం. మీరెప్పుడైనా సరుకులు కొనకుండా దుకాణంలో అరగంట నిలబడ్డారా? మొదట దొంగ అనుకుంటారు, తర్వాత పిచ్చిది అనుకుంటారు. నేను ప్యాకెట్లన్నీ తీసి నెత్తులు చదువుతుంటే కొట్టతను, "అన్నీ ఒకటేనమ్మా, ఏదైనా తీసుకోండి" అన్నాడు. "నాకు మంచి ముహూర్తంలో పుట్టింది కావాలి బాబూ" అన్నాను. కళ్ళు నెత్తిన గంటల మీదే ఉన్నాయి. నోరు మాత్రం దాని ధోరణిలో అది వాగుతోంది.

పక్కనే ఒక తల్లి, చంకలో పిల్ల. అదే ప్యాకెట్టు రెండు తీసి బుట్టలో వేసుకుంది. నెత్తిన చూశాను. నాలుగూ పది. ఆ పిల్లకి పాలు పడతాయో పడవో నాకేం తెలుసు? నిజం చెబుదామంటే, రేపు పదింటికి ముందే అల్లరైతే కంపెనీ వాళ్ళు అన్నీ రాత్రికి రాత్రి మాయం చేస్తారు, మా ఆడపడుచు ఒక్కతే మిగులుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల... లోకంలో ఎవరికీ రాకూడని లెక్క అది. నేను ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణానికి ఈరోజుకీ నన్ను నేను క్షమించుకోలేదు.

"బల్లి!" అని కేక పెట్టాను. "దాన్లో బల్లి పడిందటండీ! మా పక్కింట్లో నలుగురికి వాంతులు!"

ఆవిడ బుట్ట మొత్తం వదిలేసి పరిగెత్తింది. కొట్టతను నా మీదకొచ్చాడు. నేను ఆ రెండు ప్యాకెట్లూ కొనేసుకుని, మిగిలినవి కూడా అమ్మొద్దని చేతులు జోడించి, అతను తిడుతుండగానే బయటపడ్డాను.

సాయంత్రానికి అందరూ తెచ్చినవి మా బల్ల మీద పెట్టాం. మా ఆడపడుచు అరగంటది దర్జీ ఆవిడ పెట్టెలోదే ఉంది. 'రెండున్నర' రెండూ నలభై తెచ్చింది. 'మూడు' మూడూ ఇరవై తెచ్చింది. నాలుగూ పది నేను తెచ్చాను. ఐదూ పది దొరికింది. పెద్దక్క ఊరవతల దాకా నడిచి ఐదూ యాభై రెండు తెచ్చింది. మూడున్నరది మాత్రం ఎవరికీ దొరకలేదు. ఆరింటికి మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే సంచీలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "మూడూ నలభై ఎనిమిది. మా ఆఫీసు కింద కొట్లో" అని, ఎవరి ముఖమూ చూడకుండా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

నాలుగున్నర నుంచి ఐదుదాకా ఖాళీ. ఆ ఖాళీ పూరించడానికి ఎవరూ వెతకలేదు. అది మాకు మేం పెట్టుకున్న నియమం. ఎవరిది వాళ్ళే తేవాలి, లేదా వాళ్ళు తెమ్మన్నాక తేవాలి.

*

పొద్దున పదింటికి ఫ్యాక్టరీ గేటు లోపల, వాచ్‌మన్ బల్ల మీద ఏడు ప్యాకెట్లు పెట్టాం. మా ఆడపడుచు సంతకం లేని కాగితం వాటి పక్కన పెట్టింది. పొద్దున షిఫ్టువాళ్ళు కిటికీ అద్దానికి ముఖాలు ఆనించి చూస్తున్నారు.

మేనేజరు ఒంటరిగా రాలేదు. ఇన్‌స్పెక్టరుతో వచ్చాడు. వెనక ఇంకో మనిషి నడుస్తోంది. 'నాలుగున్నర'.

'మూడున్నర' "అదిగో" అని పళ్ళ మధ్య నుంచి అంది.

మేనేజరు ప్యాకెట్లు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. నేననుకున్నంతగా కంగారు పడలేదు. ఆ కంగారు పడకపోవడమే నన్ను చంపేసింది. "మంచి పని చేశారు" అన్నాడు. "ఒక్కరనుకున్నాం, ఏడుగురు. ఇన్‌స్పెక్టరు గారూ, ఈ ఏడుగురూ కూడబలుక్కుని, కొత్త రోలు ఎక్కించమంటే బద్ధకించి పాతదే నడిపించారు. ఎనిమిదో అమ్మాయి ఒక్కతే నిజాయితీపరురాలు. ఈమె తన అరగంటలో పాత అట్ట ఆపి కొత్తది పెట్టింది. వీళ్ళకి కూడా చెప్పింది. వీళ్ళు వినలేదు. అంతా రాసి ఇచ్చింది. ఒక్క సంతకం మిగిలింది. చెప్పమ్మా, భయపడకు."

కాగితం ఆమె చేతికిచ్చాడు. పెన్ను కూడా ఇచ్చాడు. ఆ పెన్ను చూస్తే నాకు అర్థమైంది. మేం ఏం తెచ్చినా, అది ఆ ఏడుగురి తలకే చుట్టుకునేట్టు ముడి వేశాడు. మధ్యలో ఒక్క అరగంట శుభ్రంగా ఉంటే చాలు, పాత అట్టే నడపమన్న ఆజ్ఞ అనేదే లేదు, ఏడుగురి బద్ధకమే ఉంది.

'నాలుగున్నర' పెన్ను పట్టుకుని నిలబడింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. గోడకి ఆనుకుని నిలబడ్డ దర్జీ ఆవిడని చూసింది.

"పాప ఎలా ఉందక్కా?"

"కళ్ళు తెరిచింది" అంది దర్జీ. "మాట ఇంకా రాలేదు."

"ముందు సంతకం చెయ్యమ్మా" అన్నాడు మేనేజరు.

ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది. నడుముకి కట్టుకున్న ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి ఒక ప్యాకెట్టు తీసింది. ఒక మూల నలిగిపోయి ఉంది.

"నిన్న మా పెద్దదాని స్కూలు సంచీలో దొరికింది" అంది. ఎంత మెల్లిగా అందంటే, అందరం ఒక అడుగు ముందుకేశాం. "దానికి పాలు పడతాయి. సగం తాగి పక్క పిల్లకి ఇద్దామనుకుందట. ఆ పిల్ల ఆ రోజు బడికి రాలేదట. రాలేదు కాబట్టి ఇవ్వలేదు. ఆ పక్క పిల్లకి ఏం పడుతుందో ఏం పడదో నాకు తెలీదండీ. రాత్రంతా అదే ఆలోచించాను. తెలీదు."

ప్యాకెట్టు తిప్పి, వెనక అక్షరాలు పైకి వచ్చేట్టు, ఏడింటి పక్కన పెట్టింది. "నాలుగూ నలభై ఏడు. పాత అట్టే. నేను రోలు మార్చలేదు. మార్చడానికి తాళం సూపర్‌వైజరు దగ్గరుంటుంది, మా దగ్గరుండదు. ఓకే నేనే నొక్కాను. ఎనిమిదిమందిమీ నొక్కాం. నొక్కమన్నారు. లైను ఆపిన కెమెరాని ఆపేసి మరీ నొక్కమన్నారు."

"నీ పిల్లల సంగతి ఆలోచించుకున్నావా?" అన్నాడు మేనేజరు. ఆ గొంతులో తీపి పోయింది.

"వాళ్ళ సంగతే మాట్లాడుతున్నానండీ."

మా ఆడపడుచు వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. చెయ్యి పట్టుకోలేదు, భుజం మాత్రం ఆనించింది. తర్వాత పెద్దక్క. తర్వాత మిగిలినవాళ్ళు. ఇన్‌స్పెక్టరు ఎనిమిది ప్యాకెట్లనీ, ఎనిమిదిమందినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకి తెలివి లేదని నేననను. తెలివి ఉంది, పై నుంచి ఫోను కూడా ఉంది. "అందర్నీ వ్యాన్ ఎక్కించండి" అన్నాడు.

"సూపర్‌వైజరుని?" అన్నాను నేను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "రోలు ఎక్కించమన్న మనిషిని? కెమెరా పీకించిన మనిషిని?"

"మీరెవరు?"

"వదినని" అన్నాను. ఇంకే హోదా గుర్తురాలేదు.

"తప్పుకోండి."

వ్యాన్ మెట్టు ఎత్తుగా ఉంది. పెద్దక్క ఎక్కలేకపోతే 'మూడున్నర' వెనక నుంచి తోసింది. 'నాలుగున్నర' ఎక్కేముందు నా వైపు తిరిగి, "రెండోది కారం తినదు" అంది. అంతే. మా ఆడపడుచు కిటికీ ఊచల్లోంచి నా కళ్ళల్లోకి చూసింది. ఆమెకి భయంగా ఉంది. నాకు ఇంకా ఎక్కువ భయంగా ఉంది. అది దాచుకోవడం ఇద్దరికీ చేతకాలేదు.

వ్యాన్ కదిలింది.

అప్పుడు లోపల నుంచి ఒక కూత వినపడింది. సన్నగా, ఆగకుండా. లైను మీద కుర్చీ ఖాళీ అయింది. తెర మీద బొమ్మ వచ్చి, నొక్కేవాళ్ళు లేక యంత్రం కూస్తోంది. సూపర్‌వైజరు గొంతు వినపడింది. "ఎవరిదీ అరగంట? ఎవరిది? కూర్చోండి! ఎవరో ఒకరు కూర్చోండి!" ఒక్క అడుగు చప్పుడు కూడా కుర్చీ వైపు పోలేదు. అన్ని అడుగులూ తలుపు వైపు వచ్చాయి.

యాభైమంది ఉంటారు. టోపీలతో, ఏప్రన్లతో గేటు దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియనట్టున్నారు. మేనేజరు, "బయటికెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ లోపలికి రారు" అని అరుస్తున్నాడు. ఒకమ్మాయి ఏడుస్తోంది, ఏడుస్తూనే గేటు దాటింది.

దర్జీ ఆవిడ మెడలోని టేపు తీసి సంచీలో పెట్టుకుంది. "ఇంకా ఇరవై మూడు వేల చిల్లర ఉన్నాయి బయట" అంది. "స్టేషన్‌కి ఎంతమంది? దుకాణాలకి ఎంతమంది?"

సగం సగం అయ్యాం. నేను మార్కెట్టు వీధి వైపు పోయే గుంపులో నడిచాను. మొదటి కొట్టు నిన్న నన్ను తిట్టినవాడిదే. నన్ను చూడగానే, "మళ్ళీ వచ్చావా బల్లి తల్లీ" అని లేచాడు. నా వెనక ఇరవై తెల్ల టోపీలు కనపడేసరికి అలాగే నిలబడిపోయాడు.

వాళ్ళు అరల దగ్గరకెళ్ళి, ఒక్కొక్క ప్యాకెట్టూ తీసి, నెత్తిన గంట పైకి చదివి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. మూడూ ఐదు. రెండూ యాభై. ఐదూ ఇరవై. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. దూరంగా పోలీసు బండి మోత వినపడింది. చదివే గొంతులు వణికాయి, కానీ ఆగలేదు.

"ఆగండమ్మా, ఆగండి!" అన్నాడు కొట్టతను. "ఇవి అమ్మొద్దని కంపెనీ వాళ్ళు మాకేం చెప్పలేదే?"

ఇందాక ఏడుస్తూ గేటు దాటిన అమ్మాయి చేతిలో ప్యాకెట్టుతో వెనక్కి తిరిగింది.

"కంపెనీ వాళ్ళమే చెబుతున్నాం" అంది.